అర్థం చెప్పిన నేరం

ఇంగ్లీషులో ఆమె నేర్చుకున్న మొదటి పెద్ద మాట ‘మోరిబండ్’. నేర్చుకునేసరికి ఆలస్యమైపోయింది.

ఆమె భర్త ఒక పెద్దాస్పత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఇరవై ఏళ్ళు జనాన్ని పైకీ కిందికీ తిప్పిన మనిషి, కాలేయం చెడి, అదే ఆస్పత్రి నాలుగో అంతస్తులో మంచం పట్టాడు. పదకొండో రోజు ఉదయం ఒక డాక్టరు, వెనక ఎనిమిది మంది విద్యార్థులతో మంచం దగ్గరికి వచ్చాడు. చార్టు చూశాడు. రోగి కనురెప్ప ఎత్తి చూశాడు. విద్యార్థుల వైపు తిరిగి ఏదో పొడుగ్గా చెప్పి, చివర్లో ‘మోరిబండ్’ అన్నాడు. వాళ్ళు తలలూపి రాసుకున్నారు. ఆమె మంచానికి అవతల నిలబడి, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నవ్వుమొహంతో ఉండాలి కాబట్టి అలాగే ఉంది.

అందరూ పక్క మంచానికి కదిలాక, చివర్న ఉన్న విద్యార్థిని ఆపి అడిగింది. “ఏమన్నారు బాబూ?”

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు. “ఏం లేదమ్మా. విశ్రాంతి కావాలన్నారు. మీరు కూడా ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి.”

మంచి మాటే కదా అనుకుంది. ఇంటికెళ్ళి స్నానం చేసింది. అత్తగారు “ఎలా ఉన్నాడే?” అని అడిగితే, “విశ్రాంతి కావాలన్నారు అత్తయ్యా, పర్లేదు” అంది. “అయితే రేపు నన్నూ తీసుకెళ్ళు” అంది అత్తగారు. మధ్యాహ్నం మూడింటికి ఆమె తిరిగి వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు.

భర్త పోయినందుకు ఆస్పత్రివాళ్ళు ఆమెకు రికార్డుల గదిలో ఉద్యోగం ఇచ్చారు. పాత ఫైళ్ళు వెతికి తీయడం, ఏ డాక్టరుకు కావాలంటే ఆ గదికి మోసుకెళ్ళడం, సాయంత్రానికి మళ్ళీ తెచ్చి వరసలో పెట్టడం. అందరూ ఫైలమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. చేరిన వారానికే ఆమె ఆఫీసులో టైపు చేసే పెద్దాయన బల్ల ముందు నిలబడింది. ఆయన్ని టైపు మాస్టారు అంటారు.

“మాస్టారూ, మోరిబండ్ అంటే ఏంటండీ?”

ఆయన వేళ్ళు మీటల మీద ఆగాయి. “ఎక్కడ విన్నావు?”

“మా ఆయన మంచం దగ్గర.”

టైపు మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అబద్ధం చెప్పలేదు. “చావుకు దగ్గరపడ్డ మనిషి అని తల్లీ. ఇక గంటల్లో ఉందని.”

ఆమె ఏడవలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. డాక్టరు ఒకడు, విద్యార్థులు ఎనిమిది మంది. “అంటే ఆ మాట తొమ్మిది మందికి తెలుసు. పది మందిమి ఆయన చుట్టూ నిలబడితే, తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. ఆయన్ని కట్టుకున్నదాన్ని.”

“తెలిసుంటే మాత్రం ఏం చేసేదానివమ్మా?”

“ఇంటికి వెళ్ళేదాన్ని కాదు కదండీ.”

కొన్ని నెలల తర్వాత టైపు మాస్టారు రిటైరై వెళ్తూ, తన డిక్షనరీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అట్ట ఊడిపోయింది. ‘ఎ’ అక్షరం మొత్తం, ‘బి’లో సగం లేదు. “ఆ పేజీలు ఎలుకలు చదివాయి. మిగతావి నువ్వు చదువు” అన్నాడు.

పదో తరగతి దాకా చదివింది కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. కానీ తేలిక మాటల జోలికి పోలేదు. గుడ్ మార్నింగులూ థాంక్యూలూ అందరికీ వచ్చినవే. మనుషుల్ని చీకట్లో ఉంచేవి ఆ మాటలు కావు. ఫైల్లో అరుదుగా కనబడే, నోరు తిరగని, ఎవరూ ఇంట్లో మాట్లాడని మాటలే ఏరి, రోజుకొకటి చొప్పున నోటుపుస్తకంలో ఎక్కించేది. ఎదురుగా తెలుగులో అర్థం. ఇంటికొచ్చి అత్తగారికి అప్పజెప్పేది.

అత్తగారికి డెబ్బై దాటాయి. చదువు లేదు, నోరుంది. కొడుకు పోయాక కోడలూ తానూ ఆ రెండు గదుల వాటాలో ఒకరికొకరై మిగిలారు.

“ఇవాళ్టి మాట క్వెరులస్ అత్తయ్యా.”

“అంటే?”

“ఊరికే సణుగుతూ ఉండే మనిషి అని. ఒక ముసలావిడ ఫైల్లో రాశారు.”

“సణుగుడుక్కూడా ఇంగ్లీషుందా! నేను మాత్రం తెలుగులోనే సణుగుతాను, నన్ను మార్చాలని చూడకు.” కాసేపాగి అడిగింది. “ఆవిడకేమిటి రోగం?”

“తుంటి ఎముక విరిగింది.”

“తుంటి విరిగితే సణగక పాటలు పాడుతుందా? రాసినవాడి తుంటి విరగ్గొడితే తెలుస్తుంది.”

‘అబ్‌స్ట్రెపరస్’ అనే మాట మాత్రం అత్తగారికి తెగ నచ్చింది. గోల చేస్తూ లొంగకుండా ఉండేది అని అర్థం చెప్పగానే, ఎంత బిగించినా కారే వంటింటి కుళాయికి ఆ పేరు పెట్టేసింది. “అబ్బో, ఇవాళ మన స్టెప్పరస్సు మళ్ళీ మొదలెట్టింది, గిన్నె పెట్టవే” అని కేకేసేది.

రికార్డుల గదిలో ఇంత సరదాగా ఉండేది కాదు. అక్కడి అధికారిని రికార్డు ఆఫీసరు అనేవారు. చేతిరుమాలుతో కుర్చీ తుడిచి గానీ కూర్చోని మనిషి. ఫైలమ్మ భోజనాల వేళ డిక్షనరీ తెరిస్తే ఆయనకు ఒళ్ళు మండేది.

“ఏమ్మా ఫైలమ్మా, పీహెచ్‌డీ పట్టా ఎప్పుడు? నీ పని ఫైలు మొయ్యడం. లోపల ఏముందో నీకెందుకు? గంధపు చెక్కలు మోసే గాడిదకు బరువే తెలియాలి గానీ వాసన తెలియకూడదు.”

“నిజమేనండి. కానీ మోసి మోసి వాసన పట్టేసింది” అని ఆమె ఫైళ్ళ కట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. గుమాస్తాలు మొహాలు కిందికి దించుకుని నవ్వుకున్నారు.

ఆరేళ్ళు గడిచాయి. నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. వరండాల్లో డాక్టర్లు ఆమె ముందు ఏం మాట్లాడుకున్నా చాలావరకు అర్థమవుతోంది. అయినా ఆ మాటల్ని ఆమె ఎక్కడా వాడలేదు. అవసరం వచ్చిన మొదటిసారి, ఆమె నాలుకే ఆమెకు అడ్డం తిరిగింది.

ఒకరోజు క్యాన్సరు విభాగానికి ఫైలు తీసుకెళ్ళి, బయట బెంచీ దగ్గర ఆగింది. ఆ ఫైలు తాలూకు మనిషి భార్య అక్కడే కూర్చుని ఉంది. బస్సులో వచ్చిన ధూళి ఇంకా మొహం మీదే ఉంది. ఫైలమ్మ యూనిఫారం చూసి లేచి నిలబడింది.

“అక్కా, నిన్న పెద్ద డాక్టరు ఇందులో ఏదో రాశారు. ఆ కాగితం చూసి నర్సమ్మ ఏం మాట్లాడలేదు. మీకేమన్నా తెలుస్తుందా?”

పైకాగితం మీద ‘పాలియేటివ్’ అని ఉంది. అంటే, రోగం తగ్గించడానికి మందు లేదు, ఇక నొప్పి తెలియకుండా చూడటమే. ఆ మాట ఆమె నోటుపుస్తకంలో మూడేళ్ళ కిందటే ఉంది. అర్థం నోటిదాకా వచ్చింది. ఆ భార్య కళ్ళు చూసింది. ఎంత ఆశ ఉందో ఆ కళ్ళలో.

“మంచి మందులే రాశారమ్మా” అంది ఫైలమ్మ.

ఆ మనిషి రెండు చేతులూ జోడించింది. మొహం విప్పారింది. “అయితే వచ్చే నెల మా అమ్మాయి పరీక్షలయ్యాకే పిల్లల్ని తీసుకొస్తాను అక్కా. ఇప్పుడే కంగారు పెట్టడం ఎందుకు” అంది.

ఆ సాయంత్రం ఫైలమ్మ అప్పజెప్పడానికి నోటుపుస్తకం తీయలేదు. అత్తగారు గుచ్చి గుచ్చి అడిగితే జరిగింది చెప్పింది. ఆరేళ్ళ కిందట ఆ విద్యార్థి మీద తాను పెంచుకున్న కోపం గుర్తొచ్చి సిగ్గేసిందని కూడా చెప్పింది. వాడూ పాపం నాలాగే ఆగిపోయి ఉంటాడు అంది.

అత్తగారు ఓదార్చలేదు. “ఆ రోజు నా కొడుకును చూడకుండా నేను ఇంట్లో కూర్చున్నాను. రేపు చూడొచ్చులే అనుకున్నాను. ఎవరో జాలిపడి దాచిన మాట వల్ల. ఇవాళ నువ్వూ జాలిపడ్డావు. మరి ఇంత చదువు నేర్చుకున్నదెందుకే? కుళాయిని తిట్టడానికా?”

మర్నాడు ఫైలమ్మ పనికి పోకముందే క్యాన్సరు వార్డుకు వెళ్ళింది. ఆ భార్యను మెట్ల పక్కకు పిలిచి, నిన్న అబద్ధం చెప్పానని ఒప్పుకుని, ఆ మాటకు అర్థం చెప్పింది. ఆ మనిషి గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. ఫైలమ్మను తిట్టింది కూడా. నిన్నెందుకు చెప్పలేదని ఒకసారి, ఇవాళ ఎందుకు చెప్పావని ఒకసారి. ఆ సాయంత్రపు బస్సుకే పిల్లలు వచ్చారు. తండ్రి ఇంకో తొమ్మిది రోజులు బతికాడు.

అప్పటినుంచి ఫైలమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. తనంతట తాను ఎవరి దగ్గరికీ పోదు. కానీ తన కాగితంలో ఏముందని ఏ రోగి అడిగినా, ఆ రోగి ఇంటివాళ్ళు అడిగినా, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అలాంటి మాటల దగ్గర ఆగిపోయిన మనుషులు చాలామందే ఉన్నారని అప్పుడే తెలిసింది. ఒకరికి ‘ఇడియోపతిక్’ అని రాసి ఉండేది. దానికి అర్థం, రోగం ఎందుకొచ్చిందో తెలియదని. “ఓస్, తెలియదనడానికి ఇంత పెద్ద మాటా!” అని ఆ రోగి పగలబడి నవ్వాడు.

గొడవ రాళ్ళ పాలిష్ మనిషి దగ్గర వచ్చింది.

అతనికి నలభై ఏళ్ళుంటాయి. నేలకు పరిచే రాతి పలకల్ని మిషను మీద నునుపు చేసే కార్ఖానాలో పద్దెనిమిదేళ్ళుగా పని. కొంతకాలంగా రెండు మెట్లెక్కితే ఆయాసం. కార్ఖానావాళ్ళు, నిజంగా రోగం ఉందో లేదో తేల్చమని ఈ ఆస్పత్రికి పంపారు. ఊపిరితిత్తుల పెద్ద డాక్టరు చూశాడు. మామూలు ఎక్స్‌రే తీయించాడు, గొట్టంలోకి ఊదించాడు. ఫైలు కింది గదికి తీసుకెళ్ళడానికి ఫైలమ్మను పిలిచారు. రాళ్ళ పాలిష్ మనిషి ఆమె పక్కనే నడుస్తూ, మెట్ల మలుపులో రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. రొప్పు ఆగాక అడిగాడు.

“అమ్మా, నాకు ఊపిరాడట్లేదని రాశారా?”

ఆమె ఫైలు తెరిచింది. ఎక్స్‌రేలో స్పష్టంగా ఏమీ తేలలేదని, ఊదే పరీక్షలో సరిగా ఊదలేదని రెండు వాక్యాలు. కింద ‘మలింగరింగ్’ అని ఒక్క మాట. దాని కింద గీత. పనికి పనికొస్తాడని చివరి వాక్యం.

“నిజంగా తెలుసుకోవాలా?”

“నా రొమ్ము గురించే కదమ్మా.”

“మలింగరింగ్ అని రాశారు. అంటే, పని ఎగ్గొట్టడానికి లేని రోగం నటిస్తున్నాడని. మళ్ళీ మిషను దగ్గరికి పంపొచ్చని కూడా ఉంది.”

రాళ్ళ పాలిష్ మనిషి మెడ మీద నరం కొట్టుకుంటోంది. “నటిస్తున్నానా?” అన్నాడు మెల్లగా. “నా కూతురు సైకిలు నేర్పమంటే పక్కన నాలుగడుగులు పరిగెత్తలేక రోడ్డు మీద కూలబడ్డాను. అది కూడా నటనేనా?”

వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మధ్యలో మూడుసార్లు ఆగాడు. పెద్ద డాక్టరు గది ముందు ఇరవై మంది రోగులున్నారు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, అందరికీ వినబడేలా అడిగాడు. “సార్, నేను దొంగనని రాశారట. ఆ మాట ఇంగ్లీషులో కాకుండా నా మొహం మీద మన భాషలో అనండి, వింటాను.”

పెద్ద డాక్టరుది చెడ్డ పేరేం కాదు. ఊపిరి విషయంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడంటారు. కానీ రోజూ అబద్ధపు సర్టిఫికెట్లకోసం వచ్చేవాళ్ళను చూసి చూసి, ఆయన చెవులు కొంచెం మొద్దుబారాయి. తను రాసిన మాట అర్థం ఒక రోగి నోట వినడం ఆయనకు అదే మొదటిసారి. “ఎవరు చెప్పారు నీకు?” అని లేచి నిలబడ్డాడు.

రాళ్ళ పాలిష్ మనిషి పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. సాయంత్రానికి రికార్డు ఆఫీసరు ఆమెను పిలిచాడు.

“నువ్వేనా?”

“నేనేనండి.”

ఆయనకు ఆశాభంగమైనట్టుంది. దబాయించి ఒప్పించడానికి మాటలు సిద్ధం చేసుకున్నాడు మరి.

మూడో రోజు సూపరింటెండెంటు గదిలో విచారణ. సూపరింటెండెంటు ఒక పెద్దావిడ, ఒకప్పుడు ఆపరేషన్లు చేసిన చేతులు, మాటలు తక్కువ. ఒక పక్క పెద్ద డాక్టరు, ఇంకో పక్క రికార్డు ఆఫీసరు కూర్చున్నారు. ఫైలమ్మకు కుర్చీ వెయ్యలేదు.

“రోగుల ఫైళ్ళు రహస్యం” అన్నాడు రికార్డు ఆఫీసరు. “అందులోది బయటివాళ్ళకు చెప్పడం నేరం. తెలుసా?”

“తెలుసండి. బయటివాళ్ళకు చెప్పలేదు. రోగి గురించి రోగికే చెప్పాను. ఆయన రోగం ఆయనకే రహస్యమా?”

“అడ్డదిడ్డంగా మాట్లాడకు. వైద్యంలో మాటకు ఒక సందర్భం ఉంటుంది. డిక్షనరీ చూసి వైద్యం చెప్పేస్తావా?”

ఈ మాటలో నిజం ఉందని ఆమెకు అనిపించింది. “వైద్యం చెప్పలేదండి. అంత తెలివి నాకు లేదు. మాట చెప్పాను. ఆ మాటకు వేరే అర్థం ఏదైనా ఉంటే డాక్టరుగారు ఇప్పుడు చెప్పమనండి. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుని, తప్పు చెప్పానని ఒప్పుకుంటాను.”

అందరూ పెద్ద డాక్టరు వైపు చూశారు. ఆయన కిటికీ వైపు చూశాడు.

రికార్డు ఆఫీసరు ఒక టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. “ఇది క్షమాపణ పత్రం. సంతకం పెట్టు. ఇక్కడితో పోతుంది.”

“చదివి పెడతానండి.”

“అందులో చదవడానికేముంది?”

“అదే చూస్తాను.”

నిలబడే, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివింది. కాగితంలో ఉన్నవి ఏడు వాక్యాలే అయినా పది నిమిషాలు పట్టింది. రికార్డు ఆఫీసరు రెండుసార్లు దగ్గాడు. సూపరింటెండెంటు గడియారం చూడలేదు. ఫైలమ్మ చివరికి బల్ల మీది కలం తీసుకుని, సంతకం చోట కాకుండా కాగితం నడిమధ్యన ఒక మాటను అడ్డంగా కొట్టేసింది.

“ఏం చేస్తున్నావ్!” అని అరిచాడు ఆఫీసరు.

“ఇక్కడ రెండు మాటలున్నాయండి. ఒకటి అఫీషియస్. అంటే తనది కాని పనిలో పెత్తనానికి పోయి తల దూర్చడం. ఆ మాట నేను ఒప్పుకుంటాను. నిజానికి ఆయన అడిగితేనే చెప్పాను, అయినా పోనివ్వండి, ఉంచేస్తున్నాను. రెండోది మలీషియస్. అంటే పగతో, చెడ్డ బుద్ధితో చెయ్యడం. నాకు డాక్టరుగారి మీద పగ లేదు. అది అబద్ధం. అబద్ధం కింద నా సంతకం ఉండదు.”

పెద్ద డాక్టరు మొహం ఎర్రబడింది. “పదో క్లాసు చదివిన మనిషి దగ్గర నేను ఇంగ్లీషు నేర్చుకోవాలా?”

ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. అది ఫైలమ్మకు తెలుసు. అయినా కలం బల్ల మీద పెట్టి అంది. “ఇంగ్లీషు మీదే సార్. నేర్పడానికి నేనెవర్ని? ఊపిరి మాత్రం ఆయనది. మెట్ల మీద ఆయన ఆగిన చోట నేనూ ఆగాను. మీరు గదిలో కూర్చుని ఊదమన్నారు. నేను పక్కన నడిచాను. అంతే తేడా.”

సూపరింటెండెంటు ఫైలు తన వైపు లాక్కుని, రెండు కాగితాలు తిరగేసి, పెద్ద డాక్టరును ఒకే ఒక మాట అడిగింది.

“స్కాన్ తీయించారా?”

“అవసరం కనబడలేదు మేడమ్.”

“తీయించండి.”

తర్వాత ఫైలమ్మ వైపు తిరిగింది. “నువ్వు చేసింది మంచికే కావచ్చు. కానీ రికార్డుల గదిలో ప్రతివాళ్ళూ ఇలా చేస్తే నేను ఆస్పత్రి నడపలేను. ఇకముందు రోగులకు ఏ మాటకూ అర్థం చెప్పనని ఒక కాగితం రాసివ్వు. నీ చోట నువ్వుంటావు.”

రికార్డు ఆఫీసరు అప్పుడే తెల్లకాగితం తీశాడు.

“అది రాసివ్వలేనండి” అంది ఫైలమ్మ.

“ఆలోచించుకుని చెప్పు.”

“ఆలోచించడం ఎప్పుడో అయిపోయిందండి. నాకు తెలిసిన మాట నన్నడిగితే తెలియదని చెప్పలేను. అబద్ధం ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పను.”

సూపరింటెండెంటు ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఎంతో, మెప్పు ఎంతో ఫైలమ్మకు అంతుపట్టలేదు. వారంలో రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి మందలింపు. రెండోది బదిలీ. దుప్పట్ల గదికి.

దుప్పట్ల గదిలో కాగితమన్నదే ఉండదు. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి, బండిలో పేర్చి, వార్డులకు తోసుకెళ్ళడమే. “వెళ్ళు, అక్కడ దుప్పట్లు చదువుకో” అని రికార్డు ఆఫీసరు సాగనంపాడు.

అత్తగారికి చెబితే, “దుప్పట్ల మీద ఏమన్నా రాసుంటుందా?” అని అడిగింది.

“ఆస్పత్రి పేరుంటుంది అత్తయ్యా.”

“అబ్బో, అదీ పరీక్షకు వస్తుందేమో, కంఠతా పట్టు” అంది. తర్వాత కోడలి చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, అలాగే కూర్చుంది.

పదిహేను రోజులకు రాళ్ళ పాలిష్ మనిషి దుప్పట్ల గది వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. చేతిలో కొత్త కాగితం ఉంది. ఫైలమ్మ తీసుకుని చదివింది. స్కానులో రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో రాతిధూళి గడ్డలు కట్టి, మచ్చలు పడి కనబడ్డాయి. పాత మాట ఎక్కడా లేదు. ధూళిలో పని చేయకూడదని పెద్ద డాక్టరు తన చేతిరాతతోనే రాసి సంతకం పెట్టాడు.

“ఇంకేమైనా అన్నారా?” అని అడిగింది.

“నా మొహం చూడలేదమ్మా. కానీ స్కానుబొమ్మ తెర మీద పెట్టి, ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని పుల్లతో చూపించి, అంతా మన భాషలోనే చెప్పారు. పోయిన ఊపిరి తిరిగి రాదట. ఉన్నది కాపాడుకోవాలట. కార్ఖానావాళ్ళు గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు.” గదిలో కొండలా ఉన్న దుప్పట్లను చూసి, “నా వల్లే కదా మీకు ఈ పని” అన్నాడు.

“మీ వల్ల కాదు. నా నోటి వల్ల. అది ముందునుంచీ ఉన్న జబ్బే” అంది ఫైలమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వు అతన్ని దగ్గులోకి దించింది. ఆమె దుప్పట్ల కట్ట మీద అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

ఒక ఉదయం ఆమె బండి తోసుకుంటూ ఊపిరితిత్తుల వార్డులోకి వెళ్ళింది. పెద్ద డాక్టరు రౌండ్లలో ఉన్నాడు. చుట్టూ పది మంది విద్యార్థులు. మంచం మీద ఒక ముసలాయన, పక్కటెముకల్లోంచి గొట్టం, పక్కన భార్య. ఫైలమ్మను చూడగానే చివరనున్న విద్యార్థులు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆమె కథ ఆస్పత్రంతా తెలుసు. పెద్ద డాక్టరు ఆమెను చూడనట్టే ఉండి, విద్యార్థులకు ఇంగ్లీషులో చెబుతున్నాడు. మధ్యలో ఆమె ఎన్నడూ వినని మాట ఒకటి దొర్లింది.

ముసలాయన భార్య నవ్వుమొహం పెట్టుకుని అందరినీ మార్చి మార్చి చూస్తోంది.

ఫైలమ్మ బండి ఆపింది. పక్క మంచానికి దుప్పటి వేసేసి వెళ్ళిపోవచ్చు. మందలింపు ఒకసారి వచ్చింది, రెండోసారి వచ్చేది మందలింపై ఉండదు. జేబులోంచి దుప్పట్ల లెక్క రాసుకునే చీటీ తీసి, వెనక్కి తిప్పింది.

“సార్, ఇప్పుడు మీరన్న మాట నాకు తెలియదు. స్పెల్లింగ్ చెబుతారా?”

ఒక విద్యార్థి చేతిలోని కలం కింద పడింది. ఎవరూ వంగి తీయలేదు. పెద్ద డాక్టరు ఆమెను చూశాడు. వార్డులోంచి పొమ్మంటాడనే అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది. అయినా కదల్లేదు. కలం చీటీ మీద ఆనించి అలాగే నిలబడింది.

“రాసుకో” అన్నాడు ఆయన. “ఆర్, ఇ, సి, ఎ, ఎల్, సి. ఐ, టి, ఆర్. ఎ, ఎన్, టి. రికాల్సిట్రంట్.”

ఆమె ఒక్కొక్క అక్షరం రాసుకుంది. “అర్థం సార్?”

“మొండిది. ఎంత చెప్పినా, ఏం చేసినా లొంగనిది.” ఆయన పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో, విసుగో తెలియలేదు.

మంచం మీది ముసలాయన మోచేతి మీద కొంచెం లేచాడు. “నేనా సార్ మొండివాణ్ణి?”

“మీరు కాదు. మీ రొమ్ములో పట్టిన చీము. ఇప్పటిదాకా ఇచ్చిన మందుకు లొంగలేదు.”

“అయితే వేరే మందు ఉందా?” అని అడిగింది భార్య. ఆమె మొహం మీది నవ్వు పోయింది. ఇప్పుడు సూటిగా డాక్టరు కళ్ళలోకి చూస్తోంది. “ఎన్నాళ్ళు వాడాలి? దానికీ లొంగకపోతే ఏం చేస్తారు?”

పెద్ద డాక్టరు విద్యార్థుల వైపు ఒకసారి చూసి, మంచం కిందనున్న స్టూలు కాలితో ముందుకు లాక్కుని కూర్చున్నాడు. “చెబుతాను వినండి” అన్నాడు.

ఫైలమ్మ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, పక్క మంచం దుప్పటి మార్చడం మొదలుపెట్టింది. నాలుగు మూలలూ లాగి సరిచేసేంతసేపూ, వెనక ఆ ముసలావిడ ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు అడుగుతూనే ఉంది.